ఆ రెయిలింగ్‌ను ఇక తోమకండి

వడోదర దగ్గర నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రేమగల సుగుణక్కకు తమ్ముడు ప్రకాశం వందనాలు చెప్పి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, నీ మోకాలు, మీ మరదలు సలోమి, గేదె, దూడ అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. మోకాలిని విడిగా ఎందుకు అడిగానంటే, మన ఇంట్లో అది వేరే మనిషిలాగే బతుకుతోంది కదా. దాని నూనె దానికి, దాని కాపడం దానికి, దాని అలక దానికి.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఈ రోజుల్లో ఉత్తరం వస్తే కోర్టు కాగితమో చావు కబురో అనుకుంటారు. ఇది రెండూ కాదు. నేను తిరుగుతూనే ఉన్నాను, తింటూనే ఉన్నాను. చేతిలో ఫోనుండగా ఉత్తరం ఎందుకంటే, నీకు ఫోనులో వినబడదు. నేను చెప్పింది సలోమి విని నీ చెవి దగ్గర చెబుతుంది, నువ్వు చెప్పింది నాకు చెబుతుంది. మధ్యలో తనకు నచ్చని మాట ఏదైనా ఉంటే అది తన దగ్గరే ఆగిపోతుంది. మూడు వారాలుగా నేను ఒక మాట పంపుతున్నాను, అది నీ దాకా రాలేదని ఇప్పటికి అర్థమైంది. పోస్టుమాన్ అయితే నీ అరుగు దగ్గరికే వస్తాడు, నీ చేతికే ఇస్తాడు. అందుకని పోయి కాగితాలు కొనుక్కొచ్చాను. అక్షరాలు వంకరగా ఉంటే ఎర్ర పెన్ను తీయకు. నాలుగో తరగతిలో నువ్వే నాకు టీచరువి, ఆ లెక్కన నా వంతు దెబ్బలు ఎప్పుడో అయిపోయాయి.

ముందు మంచి సంగతులు చెప్పి, తర్వాత అసలు సంగతి చెబుతాను. మంచి సంగతులు తక్కువే గనక నీకు ఎక్కువసేపు పట్టదు.

ఇక్కడ చలి తగ్గింది. పొద్దున పూట దుప్పటి కావాలి, పదకొండు దాటితే ఎండ. కానీ మన వైపు ఎండలాంటిది కాదు. చెమట పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది. చొక్కా ఒంటికి అతుక్కోవడం అనేదే లేదు. గాలిలో తడి లేదు, ఉప్పు లేదు. బాపట్ల గాలి మింగి పెరిగిన వాణ్ని, ఇక్కడి గాలి నాకు చప్పగా ఉంది. కూరలు కూడా అంతే. పప్పులో బెల్లం వేస్తారు. మొదటి రోజు మెస్సులో పొరపాటున పడిందేమో అనుకుని, పాపం వంటాయన ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు. రెండో రోజూ వేశాడు. మూడో రోజుకి అది పొరపాటు కాదు, పద్ధతి అని తెలిసింది. సలోమి కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసా ఖాళీ అయింది. నాతో గదిలో ఉండే ఒరియా ఆయన అందులో నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు అన్నంలో పోసుకున్నాడు. మంచి మనిషి.

మేము చేసేది పాల డైరీలకు స్టీలు ట్యాంకులు. ఒక్కోటి మన చర్చి కంటే కొంచెం చిన్నది, లోపల మాత్రం ప్రతిధ్వని ఎక్కువ. లోపలికి దిగి తుమ్మితే నలుగురు తుమ్మినట్టు వినబడుతుంది. ఒంటరిగా అనిపించినప్పుడు ఈ సౌకర్యం బాగానే ఉంటుంది. పాలు నిలవుండే చోటు కాబట్టి లోపల ఒక గీత కూడా ఉండకూడదు. అతుకు వేసిన చోటు వేలితో తడిమితే అతుకు ఉందని తెలియకూడదు. మన గేట్లకి, గ్రిల్స్‌కి ఎవరు తడిమి చూశారు చెప్పు. రంగు వేస్తే సరిపోయేది.

ఇక అసలు సంగతి. మన చర్చి మెట్ల రెయిలింగ్ సంగతి.

నేను ఇక్కడికి వచ్చే ముందు అది ఎందుకు చేశానో నీకు తెలుసు. నువ్వు మూడో మెట్టు మీద జారి పడ్డావు. ఉప్పెన నీళ్లు రాకూడదని మన పెద్దవాళ్లు చర్చిని ఎత్తు మీద కట్టారు గానీ, కట్టినవాళ్లకి మోకాళ్ల నొప్పులు వస్తాయని వాళ్లు అనుకోలేదు. మన గ్రిల్ షాపు మూసేసే ముందు ఆఖరి పనిగా అది చేశాను. తెనాలి శేషగిరిరావు గారి షాపులో పైపు కొన్నాను. ఆయన గోడౌనులోకి తానే వెళ్లి, సముద్రం దగ్గర ఊరు కదా ప్రకాశం, మామూలు రకం పెట్టకు అని మూడొందల నాలుగు నంబరు పైపు ఏరి ఇచ్చాడు. గుడికి ఇస్తున్నావు, నాకూ కాస్త పుణ్యం రానీ అని పైపులు ఆటో మీద కట్టించి పంపాడు. ఆయన దేవుడు వేరు, మన దేవుడు వేరు, పైపు మాత్రం ఒకటే. పాస్టరు గారు ప్రార్థన చేసి నా పేరు చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

అది ఎర్రబడుతోందని సలోమి ఫోటో పంపింది. వేసవిలో పిల్లల మెడ మీద చెమటకాయలు లేచినట్టు, అతుకుల దగ్గర చుక్కలు చుక్కలుగా ఎరుపు.

"అందరూ అడుగుతున్నారయ్యా, స్టీలుకి తుప్పేంటని. ఏం చెప్పమంటావు?" అంది.

అప్పటికి నేను వచ్చి వారమే అయింది. అలసిపోయి ఉన్నాను, పప్పులో బెల్లం తిని ఉన్నాను. "తెనాలి షాపాయన పైపు మార్చేసి ఉంటాడు" అన్నాను. ఒక్క మాట. ఆలోచించకుండా అన్నాను. తర్వాత పడుకున్నాను, నిద్ర కూడా బాగా పట్టింది. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ మాట పట్టుకుని మన కమిటీ వాళ్లు ఏం చేశారో నాకంటే నీకే బాగా తెలుసు. దానియేలు మాస్టారు పాత రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతం తీసుకెళ్లి రెయిలింగ్ మీద పెట్టారట. అతుకు దగ్గర కొంచెం అంటుకుందట. మంచి స్టీలుకి అంటదు గనక ఇది దొంగ స్టీలని తేల్చేశారట. నలుగురూ తెనాలి వెళ్లి, కొనుగోలుదార్లు నిలబడి ఉండగా, గట్టిగా అడిగారట. ఇదంతా సలోమి నాకు ఫోనులో సంబరంగా చెప్పింది, మనవాళ్లు ఊరుకోలేదయ్యా అని. శేషగిరిరావు గారు ఏమన్నాడు అని అడిగాను.

"ఏమంటాడు. పైపు నేనిచ్చిందేనండి, ప్రకాశం చేతిని నేను ఏమీ అనను, మట్టల ఆదివారం లోపల ఇది తీయించి కొత్తది వేయిస్తాను అన్నాడు. తప్పు లేనోడైతే ఎందుకు ఒప్పుకుంటాడు?"

ప్రకాశం చేతిని నేను ఏమీ అనను, అన్నాడక్కా.

ఆ చేతి సంగతే ఇప్పుడు చెబుతాను. నేను పనిలోకి వచ్చేటప్పుడు ఒక బిస్కట్ల రేకు డబ్బా తెచ్చుకున్నాను, నీకు గుర్తుందా, రైలెక్కేటప్పుడు సలోమి అందులో లడ్డూలు ఉన్నాయనుకుంది. అందులో ఉన్నవి నా అరిగిన డిస్కులు. గ్రైండింగ్ మిషనుకు బిగించే గుండ్రటి బిళ్లలు. రేపల్లెలో కోటయ్య మేస్త్రి దగ్గర పని నేర్చుకున్న రోజుల నుంచీ నాకు అలవాటు. కొత్త డిస్కు కరుస్తుంది రా, సగం అరిగింది నాకుతుంది, అనేవాడు ఆయన. అందుకని అరిగిన వాటిని పారేయనిచ్చేవాడు కాదు. పని అంతా అయ్యాక ఆఖరి నునుపు కోసం వాటినే వాడమనేవాడు. ఆయన శిష్యులందరికీ అలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. డబ్బా ఎంత పాతదైతే మేస్త్రి అంత గొప్పవాడని మాలో ఒక లెక్క.

మీ ముద్దుల తమ్ముడు మన రెయిలింగ్‌కి కూడా అదే చేశాడు. డబ్బాలో ఉన్న వాటిలోకెల్లా మెత్తటిది ఏరి, దాంతో నాలుగు రోజులు కూర్చుని నునుపు చేశాడు. ప్రేమగా.

ఇక్కడ పని నాణ్యం చూసే ఇన్‌స్పెక్టరు ఒక నెల్లూరు అమ్మాయి, పేరు హిమబిందు. తెలుగు వినబడితే చాలు, నాకు కడుపు నిండినట్టు ఉంటుంది, అందులో ఆమె కోపంగా మాట్లాడినా సరే. ఒక రోజు నా పక్కన నిలబడి డబ్బా వంక చూసింది.

"ఏంటి బాబాయ్ అందులో?"

"డిస్కులమ్మా."

"స్టోరులో ఇస్తారు కదా. ఇంటి నుంచి మోసుకొచ్చారా?"

"అరిగినవమ్మా. మెత్తగా ఉంటాయి. ఆఖరి నునుపుకి వీటిని మించినవి లేవు."

ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూసింది. "ఇది దేని మీద అరిగింది?"

"గేట్లు, గ్రిల్స్. ఇనుము మీద."

"ఎన్నాళ్ల నుంచి దాస్తున్నారు వీటిని?"

"కొన్ని నీకంటే పెద్దవమ్మా."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తుక్కులోంచి రెండు స్టీలు ముక్కలు తెచ్చింది. ఒకటి నా డిస్కుతో రుద్దమంది. రెండోది స్టోరులోంచి తెచ్చిన కొత్త డిస్కుతో, స్టీలుకని విడిగా ఉంచేదానితో రుద్దమంది. రెండూ రుద్దాను. పక్కపక్కన పెట్టి చూస్తే నా డిస్కుతో రుద్దినదే ఎక్కువ నున్నగా ఉంది. మొహం కొంచెం పైకి పెట్టుకున్నాను. ఆమె గ్లాసులో నీళ్లు తెచ్చి, ఉప్పు కలిపి, రెండింటి మీదా చల్లి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

"ఏంటమ్మా, ఊరగాయ పెడుతున్నావా?" అన్నాను.

"రేపు పొద్దున చూద్దాం బాబాయ్" అంది.

పొద్దున చూశాం. కొత్త డిస్కుతో రుద్దినది పెట్టింది పెట్టినట్టే ఉంది. నాది ఎర్రగా ఉంది. చుక్కలు చుక్కలుగా. సలోమి పంపిన ఫోటో లాగే. నాకు ఆ ముక్క కనబడలేదక్కా, మన చర్చి మూడో మెట్టు కనబడింది.

"కూర్చోండి బాబాయ్. మిమ్మల్ని తిట్టడానికి కాదు" అంది ఆ అమ్మాయి. నా మొహం ఎలా మారిందో మరి. విడమరిచి చెప్పింది. ఇనుము మీద అరిగిన డిస్కులో ఇనుప పొడి ఇరుక్కుని ఉంటుంది. దాంతో స్టీలును రుద్దితే ఆ పొడి స్టీలు ఒంట్లోకి దిగుతుంది. కంటికి కనబడదు. ఉప్పు గాలి తగలగానే అది తుప్పు పడుతుంది. మనకు స్టీలు తుప్పు పట్టినట్టు కనబడుతుంది. స్టీలుకి ఏ జబ్బూ లేదు. జబ్బు ఎక్కించింది రుద్దినవాడు. అతుకు వేసిన చోట మంచి స్టీలు కూడా అయస్కాంతానికి కొంచెం అంటుకుంటుందట, దానియేలు మాస్టారి పరీక్ష లెక్కలోకి రాదంది.

కోటయ్య మేస్త్రిని నేను తప్పుపట్టను. ఆయన రోజుల్లో రేపల్లెలో అన్నీ ఇనుప పనులే. ఇనుముకి ఆయన చెప్పింది నిజం. స్టీలు వచ్చాక మేము పైపు మార్చాం, డబ్బా మార్చలేదు.

ఆ రోజు నుంచి ఆ అమ్మాయి నన్ను పనిలోంచి తీసి డిస్కుల స్టోరులో కూర్చోబెట్టింది. శిక్ష అనుకున్నాను. "కాదు బాబాయ్, తప్పు చేసి ఏడ్చినవాళ్లే దీనికి పనికొస్తారు" అంది. నేను ఏడ్వలేదు. కళ్లల్లో పొడి పడింది, అంతే. ఇప్పుడు ఎవరికి ఏ డిస్కు కావాలో నేనే ఇస్తాను. కోయడానికి సన్నటిది, బియ్యపు గింజ మందం కూడా ఉండదు. అతుకు చదును చేయడానికి మందంది. సన్నదాంతో పక్కవాటుగా రుద్దితే పగిలి మొహం మీదకి వస్తుంది కాబట్టి ఇచ్చేటప్పుడు ఎందుకో అడిగి ఇవ్వాలి. నునుపుకి గరుకు కాగితం రేకులు పేర్చినట్టు ఉండేది, దాని మీద అంకె ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. మనుషుల్లో వయసు పెరిగితే గరుకు పెరుగుతుంది, దాన్లో అలా కాదు. మిషను తిరిగే వేగం కన్నా డిస్కు మీద రాసిన వేగం తక్కువ ఉండకూడదు. డిస్కు నడుమ ఇనుప చుట్టు మీద గడువు కూడా కొట్టి ఉంటుంది, మందుల షాపులో లాగా. నా డబ్బాలో గడువు దాటనిది ఒక్కటి లేదు, నేనూ దాటే ఉంటాను గానీ నా మీద ఎక్కడా కొట్టి లేదు. బల్లకు బిగించే పెద్ద సానరాళ్లను వేలికి తగిలించి కర్రపిడితో చిన్నగా తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. మంచి రాయి మోగినప్పుడు అచ్చం ఆరాధనకి ముందు మన చర్చిలో కొట్టే రెండో గంట లాగే ఉంటుంది. కొన్నిసార్లు మంచిదని తెలిసినా ఇంకోసారి తడతాను.

స్టీలుకి వాడేవి వేరే అరలో, నీలం పట్టీ వేసి ఉంటాయి. ఒకసారి ఇనుము ముట్టిన డిస్కు ఆ అరలోకి మళ్లీ రాకూడదు. ముట్టుకుంటే మైల అన్నమాట. ఆ మాట అబద్ధమని మన నాన్న జీవితమంతా చెప్పాడు. మనుషుల సంగతిలో అబద్ధమే. డిస్కుల సంగతిలో నిజమని నాకు ఈ వయసులో, గుజరాతులో, నెల్లూరు అమ్మాయి చెబితే తెలిసింది.

ఇదంతా తెలిసిన రోజే సలోమికి ఫోను చేశాను. తప్పు షాపాయనది కాదు, నాది, అక్కకి చెప్పు, పాస్టరు గారికి చెప్పు అన్నాను.

"ఇప్పుడెందుకయ్యా అదంతా" అంది. "ఆయనే కొత్తది వేయిస్తానన్నాడు కదా. నువ్వు నోరు తెరిస్తే ఊళ్లో తలెత్తుకోవద్దా? చప్పట్లు కొట్టించుకున్నాం."

"అందుకేగా చెప్పమంటున్నది."

"గేదె అరుస్తోంది, మళ్లీ చేస్తాను" అంది. ఆ గేదె వారంలో మూడుసార్లు సరిగ్గా ఇదే మాట దగ్గర అరిచింది. సలోమిని ఏమీ అనకు. తను నా పరువు కాపాడుతోంది, తనకు తెలిసిన పద్ధతిలో. నేనూ నీకు రెయిలింగ్ నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను.

అప్పుడే ఇంకో సంగతి కూడా తెలిసింది. సలోమి నన్ను ఓదార్చడానికి చెప్పింది. "నువ్వేం దిగులు పడకు. వదినా నేనూ స్త్రీల సమాజం వాళ్లం అంతా ప్రతి శనివారం తోముతున్నాం. చింతపండూ ఉప్పూ వేసి, ఇనుప పీచు పెట్టి, రెక్కలు పడిపోయేలా తోముతున్నాం. శనివారం మెరిసిపోతుంది. బుధవారానికే మళ్లీ ఎర్రబడుతోంది, అంతకు ముందు కన్నా ఎక్కువగా."

ఇనుప పీచు అక్కా. సబ్బు గిన్నెలో రెండు రోజులు ఉంచితే తుప్పు పట్టే పీచు. దానికి తోడు ఉప్పు. నేను నా డబ్బాతో చేసిన పనే మీరంతా కలిసి పాటలు పాడుకుంటూ ప్రతి శనివారం మళ్లీ చేస్తున్నారు. పదిహేను మంది ఆడవాళ్లు, నా పేరు నిలబెట్టడానికి. తోమకండి అని చెప్పాను. "మరి ఎర్రగా వదిలేయమంటావా, పట్టుకున్నవాళ్ల చీరలకి అంటుతోంది" అంది.

సెలవు అడిగాను. ట్యాంకులు వెళ్లేదాకా లేదన్నాడు కాంట్రాక్టరు. ఇప్పుడు వెళ్తే గేటు పాసు రద్దు, మళ్లీ రానివ్వరు. "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. మా ఊళ్లో ఒక కమ్మీకి బాగాలేదు అని చెప్పడానికి నా హిందీ చాలలేదు.

ఆ ఎరుపు పోగొట్టే పేస్టు ఒకటి ఉంది, ఇక్కడ రోజూ వాడతాం. పూసి కాసేపు ఉంచి కడిగేస్తే ఇనుప పొడిని తినేస్తుంది. హిమబిందు ఒక చిన్న డబ్బా ఇప్పించింది. పోస్టాఫీసుకి తీసుకెళ్లాను.

"ఇందులో ఏంటి?" అన్నాడు గుమాస్తా.

"పేస్టు."

"పళ్లకా?"

"కాదు, స్టీలుకి. యాసిడ్ ఉంటుంది."

యాసిడ్ అనగానే కౌంటరు మీంచి చేతులు తీసేశాడు. కొరియరు వాళ్లదీ అదే మాట. నిజం చెప్పడం నేర్చుకున్న వారంలోనే దాని వల్ల ఉపయోగం లేదని తెలిసింది. ఆ డబ్బా నా మంచం కింద ఉంది. నేను ఇక్కడ, మందు ఇక్కడ, రోగం అక్కడ.

శేషగిరిరావు గారికి కూడా ఫోను చేశాను. నిజం చెప్పేద్దామనే చేశాను.

"ఏం ప్రకాశం, అక్కడ మన తిండి దొరుకుతోందా?" అన్నాడు ఎత్తగానే.

"దొరుకుతోందండి."

"చలి ఎలా ఉంది?"

"తగ్గిందండి."

"ఒళ్లు జాగ్రత్త. ఆ వయసులో దూరం వెళ్లావు. ఏమన్నా పని మీద చేశావా?"

"లేదండి. ఊరికే."

మూడుసార్లు ఊరికే చేశాను. మా కమిటీ వాళ్లు వచ్చి గొడవ చేశారని ఆయన నాతో ఒక్కసారి కూడా అనలేదు. తిట్టినా బాగుండేది, ఆ తిట్టు పట్టుకుని నా మాట మొదలుపెట్టేవాణ్ని. ఆయన మంచితనం దగ్గర నాకు పట్టు దొరకలేదు.

ఇక ఇప్పుడు ఏం జరగబోతోందో చూడు. మట్టల ఆదివారం లోపల, అంటే ఈస్టరుకి వారం ముందే, నా రెయిలింగ్ కోసేస్తారు. కొత్తది బిగించడానికి రేపల్లె నుంచి మనిషి వస్తున్నాడట, వాడూ కోటయ్య మేస్త్రి శిష్యుడే. వాడి దగ్గరా ఒక డబ్బా ఉంటుంది. బాగా చేయాలని, గుడి పని కదా అని, అందులోంచి మెత్తటిది ఏరుకుంటాడు. ఇంకో మూడు నెలలకి అదీ ఎర్రబడుతుంది. అప్పుడు శేషగిరిరావు గారు రెండుసార్లు మోసం చేసినవాడు అవుతాడు. ఇక తెనాలిలో ఆయన మాట మన ఊరివాళ్లు ఎవరూ నమ్మరు. ఇవన్నీ నాకు ఇక్కడ కూర్చుంటే కళ్లకు కట్టినట్టు కనబడుతున్నాయి, ఏ ఒక్కదాన్నీ చేయి చాపి ఆపలేను.

అందుకని నిన్ను అడుగుతున్నాను. నా సిగ్గును నీ చేతికిచ్చి మోయమనడం తప్పే. వేరే దారి కనబడలేదు. బాపట్లలో బస్సెక్కి తెనాలి వెళ్లు. సలోమిని తోడు తీసుకెళ్లు, వద్దన్నా తీసుకెళ్లు. ముందు ఈ ఉత్తరం తనకు చదివి వినిపించు, గేదె అరిచినా ఆపకు. శేషగిరిరావు గారి షాపులో కొనుగోలుదార్లు ఉన్న వేళ చూసి, తప్పు పైపుది కాదు ప్రకాశం డిస్కుది అన్న చోటు చదువు. మనవాళ్లు ఎంత గట్టిగా అడిగారో అంత గట్టిగా చదవాలి. ఆ విషయంలో నాకు దిగులు లేదు, నీకు వినబడదు గనక నువ్వు ఎలాగూ గట్టిగానే చదువుతావు. కొత్త పైపు ఇవ్వవద్దని చెప్పు. ఆ పేస్టు గుంటూరులో దొరుకుతుందని హిమబిందు అంది, ఆయనకు తెలిసే ఉంటుంది. తెప్పించి పెడితే చాలు, ట్యాంకులు వెళ్లగానే నేను వచ్చి నా చేత్తో పూస్తాను. అంతవరకూ రెయిలింగ్‌ను కోయనివ్వకండి. ఆదివారం చర్చిలో కూడా ఈ సంగతి చదవమని పాస్టరు గారిని అడుగు. నా పేరు ఒకసారి చదివారు కదా, ఇంకోసారి చదివితే సరిపోతుంది. చప్పట్లు ఉండవు, నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న బాధ ఉండదు.

తోమడం మాత్రం ఈ శనివారం నుంచే ఆపించు. ఉప్పు వద్దు, చింతపండు వద్దు, పీచు అసలే వద్దు. మంచినీళ్లు పోసి మెత్తటి పాత గుడ్డతో తుడవండి, అంతే. ఎర్రగా ఉంటుంది. ఉండనివ్వండి. చూడ్డానికి కష్టంగా ఉంటుందని తెలుసు. ఏమీ చేయకుండా ఉండడం ఎంత కష్టమో ఈ మూడు వారాలుగా నేనూ నేర్చుకుంటున్నాను.

ఈ ఉత్తరం నీకు ఎప్పుడు అందుతుందో తెలియదు. వారంలో అందితే సమయం ఉంటుంది. ఆలస్యమైతే, అప్పటికే కోసేసి ఉంటే, నన్ను ఏమీ అనకుండా దీన్ని మాత్రం శేషగిరిరావు గారికి చూపించు.

చిన్న పని ఒకటి. నా పాత కళ్లద్దాలు బైబిలు అరలో ఉన్నాయి, ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే పంపించు. డిస్కుల మీద అంకెలు చిన్నవి, తప్పు చదివితే మళ్లీ ఇలాంటి ఉత్తరం రాయాల్సి వస్తుంది. వీలైతే గోంగూర పచ్చడి కూడా. ఒరియా ఆయన ఖాళీ సీసా ఇంకా దాచే ఉంచాడు.

పాస్టరు గారికి, అమ్మగారికి నా వందనాలు. దానియేలు మాస్టారికి వందనాలు, అయస్కాంతం ఇక రేడియోలో పెట్టేయమను. స్త్రీల సమాజం వాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు, తోమినందుకు, ఇక తోమబోనందుకు. సలోమికి నేను బాగానే ఉన్నానని చెప్పు, వేళకు తింటున్నానని చెప్పు, కోపం లేదని చెప్పు. నీ ప్రార్థనలో నన్ను తలుచుకో, పెద్దదానివి, దీవించు.

ఒక్క మాట మరిచాను. ఈ గొడవ మొదలయ్యాక నువ్వు రెయిలింగ్ పట్టుకోకుండా, గోడ ఆసరాగా మెట్లెక్కుతున్నావని సలోమి చెప్పింది. నా పని మీద మరక చేతికి తీసుకోవడం ఇష్టం లేకనో, అది విరుగుతుందని భయమో నాకు తెలియదు. అది విరగదు. ఎరుపు పైపైనే ఉంది, లోపల అతుకులు గట్టిగా ఉన్నాయి. పాలిష్ తప్పుగా చేశాను గానీ అతుకులు బాగా వేశాను. నీ బరువు ఎంతో తెలిసే వేశాను. చేతికి ఎరుపు అంటితే కొంగుకి తుడుచుకో. మూడో మెట్టు దగ్గర మాత్రం చేయి వదలకు.

నీ తమ్ముడు,
ప్రకాశం.